టీవీలో రాని జీనులాయన

గుర్రం రెక్కలు విప్పింది. యువరాణి దాని మెడ నిమిరి, ఒక్క గెంతున పైకెక్కి, కొండ అంచు మీంచి లోయలోకి దూకేసింది. డప్పులు మోగాయి. తెర మీద పేర్లు పడటం మొదలైంది.

"మరి ఆయనేడీ?" అన్నాడు కాకర.

ఫోను మైనం డబ్బాకి ఆనించి పెట్టి ఉంది. మధ్యాహ్నం తిండి ముగించుకుని బంతుల షెడ్డులో వాళ్లంతా దాని చుట్టూ మూగారు. ఇప్పుడు ఎవరూ ఫోను చూడటం లేదు. అందరి చూపులూ కాకర మొహం మీదే ఉన్నాయి.

"ఆయనేడీ అంటున్నా! జీనులాయన. ఇన్ని వారాలూ చూపించకపోయినా కొండ దగ్గర చూపిస్తారనుకున్నా. ఇక్కడ జీను కుట్లు విప్పాలి కదా? దండు ఆగాలి కదా? ఎక్కి పోయిందేంటి, బస్సెక్కినట్టు?"

"వచ్చే వారం చూపిస్తారేమో బాబాయ్," అంది ఫోను గలామె. ఆ అమ్మాయికి డిగ్రీ ఉంది. ఉద్యోగం దొరక్క బంతులు కుట్టడానికొచ్చింది. షెడ్డులో ఆమె పేరే డిగ్రీ అయిపోయింది.

"వచ్చే వారం ఏం చూపిస్తారు వాళ్ల మొహం? కొండ దాటేసింది. చేతులు కాలాక ఆకులా?"

అక్కడే కుట్టుపని చేసే తోడికోడళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని, గిన్నెలు సర్దుకునే పనిలో పడ్డారు. పొడుగాయన గొంతు సవరించుకుని ఏదో అనబోయి, మానేసి, లేచి వెళ్లి తన పీట మీద కూర్చున్నాడు. వాళ్లందరికీ నోట మాట రాకపోవడం కాకరకి సబబుగానే అనిపించింది. అంత దారుణం జరిగాక ఎవరికి మాట వస్తుంది?

'నీలిమంట రాజ్యం' అంటే లోకమంతా పడిచచ్చే పుస్తకాలు, ఇప్పుడు టీవీ సీరియల్‌గా వస్తున్నవి. ఒక్కొక్కటీ ఇటుకంత లావు. ఆ షెడ్డులో వాటిని చేత్తో పట్టుకున్నది వదిన ఒక్కతే. మిగతావాళ్లందరూ చెవులతో చదివారు.

అక్కడ మిషన్లు లేవు. ఫుట్‌బాల్ మొత్తం చేతికుట్టే. చెక్క పట్టుని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, అందులో రెండు తోలు ముక్కల అంచులు బిగించి, ఒకే దారానికి అటో సూది ఇటో సూది ఎక్కించి, ఒకే బెజ్జంలో ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులూ బార్లా చాపి లాగాలి. మైనం రాసిన దారం సర్రుమంటుంది, కుట్టు బిగుస్తుంది. గదిలో అందరూ ఒకేసారి లాగితే కొంగల గుంపు లేచినట్టుంటుంది. చేతులకీ కళ్లకీ ఊపిరాడని పని, చెవులు మాత్రం ఖాళీ. అందుకని ఒకరు చదవడం, మిగతావాళ్లు కుట్టడం అక్కడి అలవాటు. చదివే మనిషి పని నష్టపోకూడదు కదా, పొద్దున్నే ఒక బంతి గదిలో ఓ మూల నుంచి బయల్దేరుతుంది. తలా ఓ అంచు కుట్టి పక్కవాళ్ల ఒళ్లోకి తోస్తారు. సాయంత్రానికి అది కాకర దగ్గరికి చేరుతుంది. దాన్ని వదిన బంతి అంటారు. వదిన కుట్టినట్టే లెక్క.

కాకర పని మూతికుట్టు. లోపల బ్లాడరు పెట్టి, బంతిని తిరగేశాక, మిగిలిన సందుని బయట నుంచే మూయాలి. సూది ఎటు పోతుందో కనపడదు, వేలికి తెలియాలి. ముడి లోపలికి పోవాలి. ఆ పనిలో అతని తర్వాతే ఎవరైనా. లోకంలో బంతులన్నిటి మూతులూ కుడతాడు గానీ తన మూతి కుట్టుకోవడం చేతకాదని తోడికోడళ్లు నవ్వుతారు. చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అంటారే, ఇతను చదువు మధ్యలోనే వదిలేశాడు కాబట్టి కాకరకాయగానే మిగిలిపోయాడని వదిన ఎప్పుడో అంది. ఆ పేరే ఉండిపోయింది. వదిన అతనికి నిజంగానే వదిన, అన్న భార్య. షెడ్డుకంతటికీ అదే పిలుపైంది.

ఇక జీనులాయన అంటే, యువరాణి దండు వెనకాల జీనులు బాగుచేసుకుంటూ నడిచే మనిషి. కత్తి పట్టడు. రాజుకి వంగడు. మొదటి పుస్తకంలో యువరాణి అతని డేరాలోకి పరిగెత్తుకొస్తే సేనాపతులంతా మోకాళ్ల మీద పడ్డారు. ఈయన మాత్రం తలెత్తకుండా, "తోలు తొక్కుతున్నావు, పక్కకి జరుగు," అన్నాడు. ఆ రోజు షెడ్డంతా పడీ పడీ నవ్వింది. మూడో పుస్తకంలో, కొండ అంచున, వెనక శత్రువు తరుముకొస్తుంటే, యువరాణి జీనులో దారం కుళ్లిందని కనిపెట్టి కుట్లన్నీ విప్పేస్తాడు. మళ్లీ మొదట్నించీ కుడతాడు. రాజు అరుస్తాడు. సేనాపతి కత్తి దూస్తాడు. "నరికితే నరుకు. అయితే సూది నువ్వే పట్టుకోవాలి," అంటాడు. వదిన ఆ ఘట్టం చదివిన రోజు పొడుగాయన అంతటివాడు సూది పక్కనపెట్టి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కాకరకి మనుషుల మీద పెద్ద గురి లేదు. దేవుడి మీదా అంతంత మాత్రమే. జీనులాయన మీద మాత్రం ఉంది.

"వాళ్లకి టైము చాలలేదేమోలే మరిదీ," అంది వదిన కళ్లజోడు తుడుచుకుంటూ. "టీవీ అన్నాక అన్నీ పెట్టలేరు. పని చూసుకో."

"టైము చాలలేదా? ఆ పిల్ల జుట్టు దువ్వుకోవడానికి చాలింది. అద్దంలో మొహం చూసుకోవడానికి చాలింది. కుట్టేవాణ్ణి చూపించడానికొచ్చేసరికి టైము లేదు! ఎప్పుడుంది గనక?"

"నువ్వొక్కడివే కాదు బాబాయ్, నెట్లో అందరూ తిట్టిపోస్తున్నారు," అంది డిగ్రీ, అతన్ని చల్లబరుద్దామని. "రేపు పుస్తకాల షాపు మేడ మీద మీటింగు కూడా పెట్టారు. అభిమానులందరూ వచ్చి ఎవరికి ఏం నచ్చలేదో..."

వదిన కళ్లజోడు మీంచి చూసింది. డిగ్రీ నాలుక కరుచుకుంది. కానీ కాకర చెవులు అప్పటికే నిక్కబొడుచుకున్నాయి.

"ఎవరైనా మాట్లాడచ్చా?"

"అంటే... పెద్ద పెద్ద చదువులవాళ్లు వస్తారు బాబాయ్."

"అయితే? నేను వినలేదా పుస్తకాలు? ఒక్క పేజీ పోకుండా విన్నాను. కళ్లతో చదివేవాడు కునుకు తీస్తే పేజీలు ఎగిరిపోతాయి. నాకు పోలేదు."

"వెళ్లకు," అంది వదిన.

"ఎందుకని?"

పొడుగాయన అందుకున్నాడు, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు కాకరా? రాసినాయనే ఊరుకున్నాడు కదా."

"ఆయన డబ్బులు తీసుకుని ఊరుకున్నాడు. నేను తీసుకోలేదుగా," అన్నాడు కాకర. బంతిని మోకాళ్ల మధ్య బిగించి, దారం కసుక్కున పంటితో కొరికాడు. వాళ్ల భయం అతనికి అర్థమైంది. చదువు రానివాడు లేచి మాట్లాడితే నవ్వుతారని భయం. నవ్వనీ. జీనులాయన అయితే ఏం చేసేవాడు? వెళ్లేవాడు.

మేడ మెట్ల మీదే గొడవ వినబడింది. కాకర ఇస్త్రీ చొక్కా సర్దుకుని లోపలికెళ్లాడు. గది నిండా జనం. కొందరు నీలం బట్ట భుజాలకి కట్టుకుని వచ్చారు. ఒకాయన అట్టతో చేసిన డాలు కూడా తెచ్చుకున్నాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాకర వెనక వరసలో చోటు చూసుకున్నాడు.

"యువరాణి కళ్లు బూడిదరంగు! ప్రతి పుస్తకంలోనూ రాశారు. వీళ్లు గోధుమరంగు పెట్టారు. లెన్సులు దొరకలేదా?" అంటోంది ఒకావిడ.

"కళ్లు పోనివ్వండి. గాలిగుర్రానికి ఈకలేంటండీ? పల్చటి పొర ఉండాలి. కోడికి అంటించినట్టు అంటించారు."

"నాకైతే బాగానే ఉంది," అన్నాడు మూలనున్న ఒకాయన.

"నువ్వు పుస్తకాలు చదివావా అసలు?"

"అన్నీ చదివాను."

"అయితే ఇంకా పెద్ద తప్పు!"

గది గొల్లుమంది. కాకర కూడా నవ్వాడు. ఈ జనం అతనికి నచ్చారు. ఒకరి మాట ఒకరు పడనివ్వరు, లేనివాటి కోసం కొట్టుకు చస్తారు, గుర్రం ఈకల కోసం ఒకావిడ కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. మనవాళ్లే, అనుకున్నాడు. షెడ్డులో బల్లలేస్తే ఇలాగే ఉంటుంది.

మైకు వరసలు దాటుకుంటూ వచ్చింది. కాకర లేచి నిలబడ్డాడు. మైకుని బంతి పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాకు చదువు పెద్దగా లేదు," అన్నాడు. "మా వదిన చదివితే విన్నాను. కళ్లు, ఈకలు, అవన్నీ నిజమే, మీరు చెప్పినట్టే. కానీ ఒక మనిషినే ఎగరగొట్టేశారు, దాని మాటెవరూ ఎత్తరేం? యువరాణి ఎలా ఎగిరింది? గుర్రం మీద. గుర్రం మీద ఎలా నిలబడింది? జీనుతో. ఆ జీను ఎవరు కుట్టారు? అంచు మీద నిలబడి, వెనక దండంతా కేకలేస్తుంటే, కుళ్లిన దారం పీకేసి మళ్లీ కుట్టాడాయన. చేతులు వణకలేదు. రాజు చెప్పినా ఆగలేదు. పని పూర్తయ్యాక దారం పంటితో కొరికి, 'ఇప్పుడు పో, ఎక్కడ చస్తావో చావు, నా కుట్టు మాత్రం తెగదు,' అన్నాడు. దీవించడం రాదు ఆయనకి. అదే ఆయన దీవెన. ఆ మనిషి లేకపోతే యువరాణి ఆ లోయలో పడి ఎముకలు కూడా దొరకవు. అలాంటివాణ్ణి తీసిపారేశారంటే... అక్కర్లేదనుకున్నారన్నమాట. కుట్టేవాడు ఎవరికి కావాలి!"

ముందు డాలు ఉన్నాయన చప్పట్లు మొదలెట్టాడు. గదంతా అందుకుంది. కాకర చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ల బతుకులో అతని మాటకి జనం మొహం చిట్లించడమే గానీ చప్పట్లు కొట్టడం ఎరగడు.

"అద్భుతంగా చెప్పారు," అన్నాడు మీటింగు నడిపిస్తున్న లెక్చరరు. "ఈయన ఏ భాగంలో వస్తాడండీ?"

"మొదటిదాంట్లోనే వస్తాడు. కొండ అంచు మాత్రం మూడోదాంట్లో."

వరసల్లో గుసగుస బయల్దేరింది. ముందు వరసలో నీలం బట్ట కట్టుకున్న అమ్మాయి వెనక్కి తిరిగింది. "నాకు మూడో భాగం దాదాపు కంఠతా వచ్చండీ. అలాంటి ఆయన లేడు."

"నీకు గుర్తులేదేమో తల్లీ. చూడు."

ఆ అమ్మాయి పుస్తకం పట్టుకుని వచ్చింది. అతన్ని చిన్నబుచ్చాలని కాదు, ఎక్కడైనా తనే చూసుకోలేదేమోనన్న ఆత్రంతోనే వచ్చింది. పేజీ తీసి అతని ముందు పెట్టింది. కాకరకి అక్షరాలు వచ్చు. కూడబలుక్కుంటే మాటలవుతాయి. వేలు పెట్టి వెళ్లాడు. కొండ. అంచు. గాలి. యువరాణి గుర్రం మెడ నిమిరింది. ఎక్కింది. లోయ. పేజీ అయిపోయింది. టీవీలో వచ్చినట్టే ఉంది, అచ్చం.

వెనకెవరో కిసుక్కుమన్నారు. "సార్, మీరే అల్లారా?" అన్నాడు డాలాయన, ఎంతో సంబరంగా. "భలే అల్లారు సార్!"

"అల్లానా?"

"తప్పేం లేదండీ," అన్నాడు లెక్చరరు. "అభిమానులు అలా కల్పించుకుంటూనే ఉంటారు. మీరది రాసి ఇస్తే మేం అందరికీ..."

"నేను అబద్ధాలాడను," అన్నాడు కాకర. మైకు కుర్చీలో పెట్టేశాడు. మళ్లీ చప్పట్లు మొదలయ్యాయి, ఈసారి అతను వెళ్లిపోకుండా ఆపడానికి. అవి నవ్వుల కన్నా నీచంగా తగిలాయి.

సగం మెట్లు దిగేసరికి నీలం బట్ట అమ్మాయి వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "ఒక్క మాటండీ. చివరికి ఏమైంది ఆయనకి?"

"లేనివాడికి ఏమవుతుందమ్మా?" అన్నాడు కాకర.

సోమవారం పొద్దున్న అతను నోరు విప్పకపోవడంతోనే షెడ్డుకి సంగతి అర్థమైపోయింది. తోలు గట్టిగా ఉందని తిట్టలేదు. దారం పల్చగా ఉందని తిట్టలేదు. తోడికోడళ్లలో పెద్దామె కావాలని అతని పీటకి కాలు తగిలించింది, అయినా ఏమనలేదు. వదిన బంతి మూల నుంచి బయల్దేరింది. వదిన కిటికీ దగ్గర కూర్చుని ఆఖరి పుస్తకం తెరిచింది. అది సగంలో ఉంది.

"అది కాదు," అన్నాడు కాకర. "మూడోది తియ్. కొండ అంచు."

వదిన లేచి అరలోంచి మూడో పుస్తకం తీసి, పేజీ వెతికింది. కాకర వెళ్లి ఆమె భుజం వెనక నిలబడ్డాడు. మైనంతో నల్లబడ్డ బొటనవేలు పేజీ మీద ఆనించాడు.

"ఇక్కణ్ణించి చదువు."

వదిన ఆ వేలిని చూసింది. తర్వాత చదవసాగింది, ఎప్పటిలాగే, తొణక్కుండా. "కొండ అంచున గాలి కోస్తోంది. యువరాణి గుర్రం మెడ నిమిరింది. అప్పుడు వెనక నుంచి జీనులాయన, 'ఆగు,' అన్నాడు. 'ఆ దారం కుళ్లింది...'"

"ఏదీ? ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు."

వదిన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "లేడు మరిదీ."

"ఎప్పట్నించీ లేడు?"

"మొదట్నించీ లేడు."

కాకర గదివైపు తిరిగాడు. "విన్నారా? ఇన్నాళ్లూ మనల్ని కూర్చోబెట్టి... నిన్న అంతమందిలో నా మొహం..." అంటూ ఆగిపోయాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు. పొడుగాయన సూది మొనవైపు చూసుకుంటున్నాడు. డిగ్రీ తల దించుకుంది.

"మాకు తెలుసు కాకరా," అన్నాడు పొడుగాయన. "మా అమ్మాయి పుస్తకం తెచ్చుకుంది, లేడని చెప్పింది. రెండో పుస్తకం నాటి మాట."

"నేను చేరిన వారమే ఫోన్లో చూశా బాబాయ్," అంది డిగ్రీ.

"అందరికీ తెలుసా? మరి నాకెందుకు చెప్పలేదు?"

గదిలో ఎక్కడో ఓ నవ్వు బయటికి రాబోయి, ముక్కులోనే ఆగింది. తోడికోడళ్లలో పెద్దామె ఇక పట్టలేకపోయింది. "చెప్తే నువ్వు జాగ్రత్తపడి మంచిగా మాట్లాడతావని! అప్పుడు ఆయనెక్కణ్ణించొస్తాడు?"

"ఏంటీ?"

"'తోలు తొక్కుతున్నావు, పక్కకి జరుగు.' ఈ మాట ఎవరన్నారు బాబాయ్? ఓనరు భార్య షెడ్డు చూడ్డానికొచ్చి నీ పక్కన నిలబడితే నువ్వన్నావు. తలెత్తకుండా అన్నావు. నేనిక్కడే ఉన్నా."

"నేనూ," అంది చిన్నామె.

ఎవరి వీపు వాళ్లకి కనబడదు. కానీ గదిలో అందరూ ఇన్నాళ్లూ తన వీపే చూస్తూ కూర్చున్నారంటే, కాకరకి ఒళ్లు జలదరించింది.

"మొదటి పుస్తకంలో రాజుల వంశావళి వచ్చింది," అంది వదిన. క్షమించమన్నట్టు లేదు ఆమె గొంతు, వంటలో ఉప్పెందుకేసిందో చెబుతున్నట్టుంది. "ఫలానావాడి కొడుకు ఫలానావాడు, పేజీలకి పేజీలు. అందరూ జోగుతున్నారు. సూదులు చేతుల్లో దిగుతాయని భయమేసింది. తలెత్తితే నువ్వు కనబడ్డావు, బంతిని తిడుతున్నావు. కనబడింది చెప్పా, అంతే. అందరికన్నా ఎక్కువ నవ్వింది నువ్వే. మర్నాడు 'ఆ జీనులాయన ఏమయ్యాడు వదినా?' అని అడిగిందీ నువ్వే. నేనేం చెయ్యను?"

"మరి కొండ అంచు?" అన్నాడు కాకర.

పొడుగాయన చెప్పాడు. "లారీ రోజు కాకరా."

లారీ రోజు. దారం కండె ఏదో తేడాగా వచ్చింది. బంతులు మూతులతో సహా అయిపోయి, సంచుల్లోకెక్కాయి. లారీ వాకిట్లో హారన్ కొడుతోంది. ఓ బంతిని చేత్తో నొక్కిన కాకరకి కుట్టు లోపల చిట్లిన చప్పుడు వేలికి తెలిసింది. సంచులన్నీ దింపించాడు. బంతుల మూతులు విప్పి మళ్లీ కుట్టడం మొదలెట్టాడు. ఓనరు గుమ్మంలో నిలబడి బూతులు లంకించుకున్నాడు. "తీసేస్తే తీసెయ్, అయితే సూది నువ్వే పట్టుకోవాలి," అన్నాడు కాకర. ఓనరు నిజంగానే తీసేశాడు. తర్వాత మూతులు కుట్టే మనిషి దొరక్క మళ్లీ పిలిచాడు. ఆ మధ్యలో కాకర ఇంట్లో కూర్చుని, నోరా వీపుకి తేకే అని తనని తనే తిట్టుకున్నాడు. అతని లెక్కలో అది తన బతుకులో వెధవ రోజుల్లో ఒకటి.

దాన్ని వీళ్లు కొండ మీద పెట్టారు.

"నీకిష్టం లేదంటే చెప్పు," అంది వదిన. "ఆయన్ని చంపేస్తా. ఇవాళే. ఒక్క బాణం చాలు."

సూదులన్నీ ఆగాయి. కాకర అందరి మొహాలూ చూశాడు. నిన్నటి మేడ గది, ఆ చప్పట్లు గుర్తొచ్చాయి. ఇంతమంది కూడబలుక్కుని తనని ఓ బొమ్మని చేసి ఆడించారన్న కసి ఓ పక్క. ఇంకో పక్క ఏముందో అతనికే తెలీలేదు.

"లేనివాణ్ణి చంపేదేంటి?" అన్నాడు. "పుస్తకంలో ఉన్నది చదువు. ఉన్నది ఉన్నట్టు. ఒక్క ముక్క కూడా కలపకు."

"సరే," అంది వదిన.

చదివింది. ఆఖరి పుస్తకం మళ్లీ తెరిచి, ఉన్నది ఉన్నట్టు చదివింది. దండు నది దాటింది. మంత్రులు సభ తీర్చారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఊ కొట్టలేదు. దారాలు సర్రుమంటూనే ఉన్నాయి గానీ చేతులు ఒకేసారి లేవడం లేదు, ఎవరి తీరున వాళ్లు లాగుతున్నారు. మధ్యాహ్నం దాటేసరికి తోడికోడళ్లలో చిన్నామె వేలికి సూది గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో కాకర కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుతూ భార్యనడిగాడు. "నేనంత కటువుగా మాట్లాడతానా?"

"ఎంత?"

"ఆ... జీనులాయనంత."

ఆమె గరిటె కింద పెట్టింది. "తెలిసిపోయిందా?" అంది. "మీ వదిన తగ్గించి చెప్పిందయ్యా. ఉన్నదున్నట్టు చెప్తే ఆ యువరాణి మొదటి పుస్తకంలోనే పారిపోయేది."

"నీకూ తెలుసన్నమాట!"

"ఏ వారానికావారం నాకు మళ్లీ చెప్తుందిగా." కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, అతని వైపు చూడకుండా అంది. "ఆ లారీ గొడవకి నిన్ను నానా మాటలూ అన్నాను కదా అప్పట్లో. తర్వాత మీ వదినొచ్చి కొండ మీద సంగతి చెప్పింది. మళ్లీ చెప్పించుకున్నా. ఇంకోసారి కూడా." గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "తిను. చల్లారిపోతోంది."

కాకర తిన్నాడు. ఏం తిన్నాడో తెలీదు. తిన్నాక గుమ్మంలో నిలబడి కాసేపు వీధిలోకి చూశాడు. పక్కింటాయన పలకరిస్తే, జవాబుగా ఓ మంచి మాటే వచ్చింది నోట్లోంచి. అది తనకే ఎబ్బెట్టుగా అనిపించింది.

మర్నాడు షెడ్డులో వాన రాబోయే ముందటి ఉక్క. ఎవరూ అతన్ని కదిలించలేదు. వదిన కళ్లజోడు పెట్టుకుని, నిన్న ఆపినచోట మొదలెట్టింది. ఆఖరి యుద్ధానికి దండు తయారవుతోంది. జెండాలు కట్టారు. బాకాలు ఊదారు. ఏ దొర ఏ రంగు కవచం వేసుకున్నాడో వరసగా వస్తోంది. వదిన గొంతు రోడ్డు రోలరులా సాగిపోతోంది. పొడుగాయన ఆవులించాడు. అది చూసి డిగ్రీ ఆవులించింది.

కాకర మోకాళ్ల మధ్య బంతి ఉంది. మూతి సగం మూశాడు. వేలు లోపలికి దూర్చి కుట్టు తడిమాడు. బిగువుగానే ఉంది. అయినా ఇంకోసారి తడిమాడు. అలా తడమడం అతనికి ఎప్పుడూ ఉన్నదే, కానీ తడుముతున్న తన చేతిని చూసుకోవడం ఇదే మొదలు. నల్లటి చెయ్యి. దారం కోసుకుపోయి వేళ్ల మడతల్లో గీతలు పడ్డాయి. యువరాణి జీను మీద వదిన చూపించిన చెయ్యి ఇదే. ఆ చేతి కోసం పొడుగాయన గోడవైపు తిరిగాడు. ఇంట్లో ఆవిడ మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. మేడ మీద ఆ జనం ముక్కూ మొహం తెలియకుండానే చప్పట్లు కొట్టారు. దొరలకి కవచాలున్నాయి, రంగురంగులవి. వాళ్లెవరి గురించీ ఏ పిల్లా మెట్ల మీద వెంటపడి 'చివరికి ఏమైంది' అని అడగలేదు.

వెన్ను నిటారు చేసి కూర్చున్నాడు. పీట కిర్రుమంది.

"... గాలిగుర్రాలు అంచున వరసగా నిలబడ్డాయి," చదువుతోంది వదిన. "యువరాణి కత్తి పైకెత్తింది. దండంతా జయజయధ్వానాలు చేసింది. బాకా మూడోసారి మోగగానే గుర్రాలన్నీ ఒక్కసారిగా..."

"ఆ జీనుల నడుంపట్టీలు ఎవడు చూశాడు?" అన్నాడు కాకర.

చేతులన్నీ గాల్లో ఆగిపోయాయి, చాపినవి చాపినట్టే. వదిన తలెత్తలేదు. పేజీ మీద వేలు అలాగే ఉంది గానీ, కళ్లజోడు వెనక కళ్లు మాత్రం ఆ పేజీలో లేవు.

"'ఆ జీనుల నడుంపట్టీలు ఎవడు చూశాడు?'" అని చదివింది వదిన. "దండు వెనకాల నుంచి జీనులాయన గట్టిగా అరిచాడు. ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఆగింది."

"అరవలేదు వదినా," అన్నాడు కాకర, దారం పంటితో కొరుకుతూ. "మామూలుగానే అన్నాడు."